సవార్ చౌక్‌లో మా మావయ్య తల

రాయపూర్‌లోని గుఢియారీలో ఒక గుర్రపు వీరుడి విగ్రహం ఉంది. దాని తగువు గురించి అక్కడి హిందీ పత్రికల్లో చాలా వచ్చింది. ఆ వీరుడు మరాఠాలతో పోరాడాడని కొందరు, ఇంగ్లీషువాళ్ళతో పోరాడాడని కొందరు రాశారు. ఆ గుర్రం మీద నిజంగా కూర్చున్న మనిషి గురించి మాత్రం ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు.

బొబ్బిలి శాఖా గ్రంథాలయంలో చరిత్ర అల్మరా మొత్తం చదివినవాణ్ణి నేను. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, కుట్టు మిషన్ల రిపేరు అయ్యాక రోజూ సాయంత్రం తలుపులు వేసేదాకా అక్కడే ఉంటాను. విగ్రహాల గురించిన పుస్తకాల్లో ఆవిష్కరించిన పెద్దమనిషి పేరుంటుంది, చందాలు పోగుచేసినవాళ్ళ పేర్లుంటాయి. శిల్పి ముందు కదలకుండా కూర్చున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇది రాయడానికి ఒక కారణం అది. రెండో కారణం మా చుట్టాలు. ఈ కథ అప్పుడే వాళ్ళ నోళ్ళలో రకరకాలుగా తిరుగుతోంది. నేను రాయపూర్లో గొప్ప ఉపన్యాసం ఇచ్చి విగ్రహాన్ని కాపాడానని మా పిన్ని పెళ్ళిళ్ళలో చెబుతోంది. అలా జరగలేదు. నా చదువు వల్ల ఆ విగ్రహానికి ముందు కీడే జరిగింది.

ఫోను

"ఒరే సత్తిం, మీ మావయ్య తల కోసేస్తారట్రా!"

నరసమ్మత్త మా నాన్నకి చెల్లెలు. పెళ్ళయిన దగ్గర్నుంచి రాయపూర్లోనే ఉంది. అప్పన్న మావయ్య రైల్వే వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో పనిచేసి, రిటైరై, కొన్నేళ్ళ కిందట పోయాడు. పోయిన మనిషి తల కొయ్యడమేమిటని నేను కంగారుపడుతుంటే, సవార్ చౌక్‌లో విగ్రహం సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన తర్వాత, ఈ నేల కోసం పోరాడి పేరు లేకుండా పోయిన గుర్రపు సిపాయిలందరికీ గుర్తుగా ఆ కాలనీవాళ్ళు ఒక విగ్రహం పెట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగి పాత ఇత్తడి, కంచు సామాన్లు అడిగి తెచ్చి కరిగించారు. పోత పోసిన శిల్పి మా అత్తావాళ్ళ సందులోనే అద్దెకుండేవాడు. మావయ్యని గుర్రం మీద కూర్చోబెట్టి నమూనా తీసుకున్నాడు. "వీరుడికి నీ మొహమని ఎవరికీ చెప్పకు అప్పన్నా, గొడవవుతుంది" అన్నాడు. చెప్పలేదు. ఆ శిల్పి తర్వాత ఏ ఊరు పోయాడో తెలియదు.

ఇప్పుడు కొత్త కమిటీ వచ్చింది. ఆ తల వీరుడి తలలా లేదు, మార్చాలి అంటోంది.

"ఇంట్లో మావయ్య ఫోటోలున్నాయి కదత్తా" అన్నాను.

"ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ కళ్ళు తెరవలేదు ఆ మారాజు. ఫ్లాషంటే బయ్యం. పెళ్ళి ఫోటోలోనూ మూసీసినాడు, రిటైరైన నాటి ఫోటోలోనూ మూసీసినాడు. కళ్ళు తెరిచి నన్ను సూసీది ఆ చౌక్‌లోనేరా. నువ్వు పుస్తకాలు సదివినోడివి. వొచ్చి ఏదోటి మాటాడు."

నా చదువుని నమ్ముకుని నన్ను ఒకరు పిలవడం అదే మొదటిసారి. మర్నాడే బయల్దేరాను.

రాయగడ దాటాక

పగటి పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. రాయగడ దాటాక కొండలూ, గుహల్లాంటి సొరంగాలూ. కేసింగలో ఎక్కిన ఒక ముసలామె మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి నాకూ ఒక కాగితంలో పెట్టింది. ఆవనూనె ఘాటుకి నా ముక్కు తెరుచుకుంది. మనం నువ్వుల నూనెకి పడి చచ్చినట్టు వీళ్ళు దీనికి పడి చస్తారు.

ఎదుటి సీట్లో కాంటాబంజి బట్టల వ్యాపారికి నా ప్రయాణం పని చెప్పి, నాకు తెలిసిన గొప్ప విషయం కూడా చెప్పాను. పాత వారపత్రికల బైండు పుస్తకంలో చదివాను. గుర్రపు విగ్రహాల్లో గుర్రం ముందు కాళ్ళు రెండూ గాల్లో ఉంటే ఆ వీరుడు యుద్ధంలోనే చనిపోయినట్టు. ఒక కాలు లేస్తే గాయపడి తర్వాత పోయినట్టు. నాలుగూ నేల మీదుంటే మామూలు చావు. వ్యాపారి వెంటనే తను చూసిన విగ్రహాలన్నీ తలుచుకుని కాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పక్కనున్న కుర్ర మాస్టారు కూడా కలిశాడు. మహాసముంద్ వచ్చేసరికి నా సిద్ధాంతానికి ఇద్దరు శిష్యులున్నారు.

రాయపూర్లో దిగి ఆటో అతనితో, హిందీ పరీక్షలకి చదివిన భాషలో, "మహోదయ్, కృపయా గుఢియారీ కీ ఓర్ ప్రస్థాన్ కీజియే" అన్నాను. అతను నన్ను కిందా పైనా చూసి, "గురూజీ, హవనం ఎక్కడ?" అని అడిగాడు.

గుఢియారీ

పట్టాల పక్కనే ఇరుకు బజారు. బెల్లం బస్తాలు, తాళ్ళ దుకాణాలు, ఇనుప సామాన్లు. అత్త ఇంట్లో మాట్లాడేది సగం మా విజయనగరం యాస, సగం హిందీ. అత్త కొడుకు గణేష్ బావ భన్‌పురిలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. భార్య సుఖ్‌బతి అక్క ఆరంగ్ దగ్గర పల్లెటూరి పిల్ల, ఛత్తీస్‌గఢీ ఆమె మాతృభాష. అత్తాకోడళ్ళు తిట్టుకునేటప్పుడు ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటారు, ఇద్దరికీ రెండూ అర్థమవుతాయి.

అక్క నాకు ఫరా పెట్టింది. అన్నం, బియ్యప్పిండి కలిపి వేలంత పొడుగున చుట్టి, ఆవిరి మీద ఉడికించి, నువ్వుల తాలింపు వేస్తారు. మర్నాడు పొద్దున్న బోరే బాసీ పెట్టింది. అదేమిటో అని ఆత్రంగా చూస్తే, మన చద్దన్నమే! రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఇన్ని వందల మైళ్ళొచ్చి మా అమ్మ కంచం ముందే కూర్చున్నట్టుంది.

"ఏం బావా, పుస్తకాల్లో మా నాన్న ఉన్నాడా?" అని వెక్కిరించాడు బావ.

"ఇకమీదట ఉంటాడు" అన్నాను.

"ఉండనియ్యి గానీ, మీటింగులో నాన్న పేరు మాత్రం ఎత్తకు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను, అయినా జగడా వస్తే మేం బాహర్‌వాళ్ళం అయిపోతాం. వీరుడికి తెలుగోడి మొహం పెట్టారని తెలిస్తే తల ఒక్కటే కాదు, మొత్తం విగ్రహమే తీసేస్తారు. సమఝా?"

అత్త కంచాలు తీసుకుని లేచింది.

చౌక్

విగ్రహం నేను ఊహించినంత పెద్దది కాదు, కానీ బాగుంది. గుర్రం ఎడమ ముందుకాలు మడిచి ఎత్తింది. పైన తలపాగాతో, కత్తితో అప్పన్న మావయ్య. వెన్ను నిటారుగా ఉంది. పల్చటి మీసం. కళ్ళు ఎంత పెద్దవిగా తెరుచుకున్నాయో! కింద రాతి మీద "వీర సవార్" అని మాత్రమే ఉంది. సవార్ అంటే గుర్రపు రౌతు.

అత్త రోజూ పాలకి వెళ్ళి వస్తూ ఇక్కడ ఆగుతుంది. దణ్ణం పెట్టదు. చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఒకసారి పైకి చూసి, నడిచిపోతుంది.

"గుర్రం మీద ఎంత ధీమాగా కూర్చున్నాడత్తా!" అన్నాను.

"ధీమా లేదు, దోమా లేదు. పుట్టి బుద్దెరిగి గుర్రమెక్కలేదు. పడిపోతానేమోనని బిగుసుకుపోనాడు. రెప్ప మూస్తే కింద పడతాడని కళ్ళు అలాగిప్పీసినాడు. ఆ శిల్పేమో వా వా అన్నాడట."

నేను గుర్రం కాళ్ళు చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి రోడ్డు మధ్యకి వెళ్ళిపోయాను. ట్రాఫిక్ పోలీసు విజిలేసి, "ఓ ఇంజనీర్ సాహెబ్!" అని అరిచాడు. పక్కకి గెంతి పేడలో కాలేశాను. అయినా నా సంతోషానికి హద్దు లేదు. ఒక కాలు లేచింది, అంటే గాయపడి తర్వాత మరణించిన వీరుడు. అలసిపోయిన మొహం, పల్చటి మీసం ఎందుకున్నాయో దీంతో అతికిపోతుంది. వాదన దొరికింది. మావయ్య పేరు ఎత్తనక్కర్లేకుండానే తల నిలబెట్టొచ్చు!

శంకర్ నగర్

కమిటీ పెద్దని అందరూ దావూజీ అంటారు. అది పేరు కాదు, పొలాలూ పరువూ ఉన్న పెద్దమనిషిని ఇక్కడ గౌరవంగా పిలిచే మాట. మొదట్నుంచీ గుఢియారీవాళ్ళు. ఇప్పుడు శంకర్ నగర్లో ఇల్లు కట్టుకున్నారు. బావ నన్ను బండి మీద తీసుకెళ్ళాడు. దారిలో అటుకుల పోహా మీద సేవ్ చల్లి, పక్కన వేడి జిలేబీతో ఇరవై రూపాయలకి తిన్నాం. పొద్దున్నే కారంతో తీపి కలిపి తినడం మనవాళ్ళకి వింతగా ఉంటుంది. రెండో ముద్దకి ఇంకేమీ వింతగా ఉండదు.

దావూజీ మంచి మనిషి. చదువరి. గోడ నిండా పుస్తకాలు చూసి నా ప్రాణం లేచొచ్చింది. తగువంతా ఆయనే వివరంగా చెప్పారు. పద్దెనిమిదో శతాబ్దంలో నాగపూర్ మరాఠాలు ఈ ప్రాంతం మీదికి వచ్చారు. ఇంచుమించు మన బొబ్బిలి యుద్ధం కాలమే. తర్వాత శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. సవార్ ఎవరితో పోరాడాడన్న దాని మీద కాలనీ రెండు ముక్కలైంది. ఒక జట్టు రాత్రికి రాత్రి పలక అతికిస్తే, ఇంకో జట్టు పీకేస్తుంది. గుర్రం మొహం పడమట నాగపూర్ వైపు ఉంటే శత్రువు మరాఠా అని తేలిపోతుందని, కాబట్టి గుర్రాన్నే అటు తిప్పెయ్యాలని ఒకాయన అర్జీ పెట్టాడట.

"రెండు జట్లూ ఒప్పుకున్నది ఒక్కటే. ఈ తల మార్చాలని. డ్యూటీకి పోతున్న గుమాస్తాలా ఉన్నాడు. మన పిల్లలు అటు చూస్తే వాళ్ళ ఛాతీ పొంగాలా వద్దా?" అన్నారు.

అప్పుడు నేను నా కాళ్ళ సిద్ధాంతం విప్పాను. హిందీలో, ఉదాహరణలతో, చేత్తో గాల్లో గుర్రం గీసి మరీ చెప్పాను. దావూజీ కుర్చీలో ముందుకి జరిగారు. కళ్ళు మెరిశాయి. నేను గెలిచాననుకున్నాను.

"అంటే, రెండు కాళ్ళూ లేస్తేనే యుద్ధంలో వీరమరణం పొందినట్టా?"

"అవునండీ."

"గురూజీ, మా కళ్ళు తెరిపించారు! మన సవార్ మంచం మీద పోయాడని ఇన్నేళ్ళూ చూపిస్తున్నామన్న మాట. తలతో పాటు ఆ కాలు కూడా మార్పిస్తాను. ఫోనెక్కడ?"

బయటికొచ్చాక బావ బండి స్టార్ట్ చెయ్యకుండా నావంక చూస్తూ కూర్చున్నాడు. "బావా, నువ్వు రాకముందు తల ఒక్కటే పోయేది" అన్నాడు.

భన్‌పురి

మర్నాడు బావ నన్ను భన్‌పురి తీసుకెళ్ళాడు. లారీలు, రేకుల షెడ్లు, గాలిలో ఇనుము వాసన. ఒక చిన్న పోత కార్ఖానాలో కొత్త తల గడ్డిలో పడుకోబెట్టి ఉంది. పిడికిలంత మీసాలు, చిట్లించిన కనుబొమలు. పనివాళ్ళు దాని తలపాగా మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నారు.

"తల అయిపోయింది, హాయిగా ఉందామనుకుంటే, నిన్న ఫోనొచ్చింది. ఇప్పుడు కాళ్ళు కూడా కావాలట. ఈ కాళ్ళ సంగతి ఆయన చెవిలో ఎవడూదాడో!" అన్నాడు మేస్త్రీ.

నేను మీసాలని శ్రద్ధగా పరిశీలించాను.

తిరిగి వస్తుంటే సందె వేళ ఒక బారాత్ ఎదురైంది. దేవ్ ఉఠనీ ఏకాదశి, అంటే కార్తీక శుద్ధ ఏకాదశి, దాటాక ఇక్కడ రోజూ పెళ్ళిళ్ళే. మన పెళ్ళికొడుకు కారులోనో పల్లకిలోనో ఊరేగుతాడు. ఇక్కడ వరుడు గుర్రమెక్కి రావాలి, అదీ ఆడగుర్రం. పేదవాడైనా ఒక్క గంటకైనా అద్దెకి తెస్తాడు. పూలముసుగు వెనక ఈ వరుడు రెండు చేతులతో జీను పట్టుకుని బిగుసుకుని ఉన్నాడు. బండి ఆపి పక్కకి నిలబడ్డాం. డప్పులు ఊపందుకున్నాయి. అప్పుడు తెల్లటి ఆ గుర్రం ఎడమ ముందుకాలు మడిచి, ఎత్తి, అలాగే ఉంచింది.

అదే కాలు. అదే మడత. పైన బిగుసుకున్న అదే మనిషి.

"బావా, మావయ్యని ఎక్కించింది ఏ గుర్రం?"

"ఇంకేముంటుంది? బిసాహు కాకా పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే గుర్రం. ఇది దాని కూతురు."

బిసాహు కాకా కళ్ళెం పట్టుకుని మా ముందునుంచే వెళుతున్నాడు. బావని చూసి "జై జోహార్!" అన్నాడు. నడుస్తూనే అడిగాను, నడుస్తూనే నవ్వుతూ చెప్పాడు. నమూనా తీసే రోజు శిల్పి రేడియో పెట్టుకున్నాడట. పాట మొదలవగానే ఆ గుర్రం బారాత్ అనుకుని కాలెత్తిందట. దించమంటే దించదు, పాట అయిపోవాలి. శిల్పి సరే ఇదే బాగుందన్నాడట.

మంచం మీద చనిపోయిన వీరుడూ లేడు, యుద్ధంలో చనిపోయినవాడూ లేడు. నా బైండు పుస్తకం, నా ఇద్దరు శిష్యులు, దావూజీ ఫోను, అన్నీ ఒక రేడియో పాట దగ్గర ఆగిపోయాయి.

అత్త ఏమందంటే

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. మీటింగు మర్నాడే. నా ముందు రెండు దారులున్నాయి. దావూజీ నా పుస్తకాన్ని నమ్మారు. ఇంకో పుస్తకం పేరు చెప్పి, ఒక కాలెత్తిన వీరుడే అందరికంటే గొప్పవాడని వాదించొచ్చు. నమ్ముతారు. లేదా నిజం చెప్పాలి. చెబితే బావ భయపడ్డది జరగొచ్చు.

"మాఁ, వద్దు. నాన్న పోయాడు. నేను ఇక్కడ నౌకరీ చేసుకోవాలి" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

అత్త బియ్యం ఏరుతోంది. ఏరుతూనే అంది. "సత్తిం, నువ్వు పెద్ద పెద్ద మాటలు సెప్పి ఈ యేడు ఆపుతావు. వచ్చే యేడు ఇంకో కమిటీ వస్తాది, నువ్వు బొబ్బిల్లో ఉంటావు. అప్పుడెవుల్ని పిలుస్తాను? ఆ మొకం ఎవులిదో తెలవకే గదా తీసీమంటున్నారు. తెలిస్తే సూద్దాం."

"తెలిసి కూడా తీసేస్తే?" అన్నాడు బావ.

"తీసీస్తే తీసీమను. ఎవుల్దో తల అనుకుని కొయ్యొద్దు. మా ఆయన తల అని తెలిసి కొయ్యమను."

వంటింటి గుమ్మంలో సుఖ్‌బతి అక్క నిలబడి అంతా వింది. లోపలికెళ్ళి గిన్నెలు కొంచెం గట్టిగానే సర్దింది.

షామియానా కింద

చౌక్‌లోనే షామియానా వేశారు. ఒక పక్క మరాఠా జట్టు, ఒక పక్క ఇంగ్లీషు జట్టు, వెనక ఆడవాళ్ళు. విగ్రహం పక్కన వెల్డర్ సలీం గ్యాసు సిలిండర్లు, కట్టరు పెట్టిన బండితో సిద్ధంగా ఉన్నాడు. మీటింగు కాగానే మంచి ఘడియలో పని మొదలుపెట్టాలని దావూజీ ఏర్పాటు.

ఆయన నన్ను "దక్షిణ దేశపు విద్వాంసులు" అని పరిచయం చేశారు. లేచి, నా కాళ్ళ సిద్ధాంతం ఈ విగ్రహానికి వర్తించదని, నేను తప్పు చెప్పానని అన్నాను.

"మరి ఆ కాలు ఎందుకు లేచింది?" అడిగారు దావూజీ.

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి అత్త లేచింది. చెంగు నడుముకి చుట్టుకుని ముందుకొచ్చింది. ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నా సాపు కాని హిందీలో, పైకి చెయ్యి చూపించి, "అది మా ఆయన" అంది. "అప్పన్న. వ్యాగన్ కార్ఖానాలో పనిచేశాడు. శిల్పి కూర్చోమంటే కూర్చున్నాడు. ఎవరితోనూ యుద్ధం చెయ్యలేదు. నాతో తప్ప."

ఎవరో నవ్వబోయి ఆగారు. తర్వాత గోల మొదలైంది. బావ అన్న మాటే వచ్చింది. ముందు వరసలోంచి ఒక యువకుడు, "మన వీరుడికి పరదేశియా మొహమా?" అని అరిచాడు. పరదేశియా అంటే బయటినుంచి వచ్చినవాడు. బావ తల దించుకున్నాడు.

"ఏయ్!" అని వెనకనుంచి గొంతు. సుఖ్‌బతి అక్క. ఛత్తీస్‌గఢీలో మొదలుపెట్టింది. ఆవేశంలో ఆమె మాటలు సగమే పట్టుకోగలిగాను. "ఆయన పరదేశియా అయితే నేనెవర్ని? ఆరంగ్ పిల్లని, ఆయన కోడల్ని. నా పిల్లలకి ఆయన ముక్కే వచ్చింది. రండి, వాళ్ళ ముక్కులు కూడా కొయ్యండి!"

అప్పుడు బిసాహు కాకా లేచి, చేతులు జోడించి, "దావూజీ, మనిషి సంగతి మీరు తేల్చండి. గుర్రం మాత్రం పరదేశియా కాదు. అది నా రాణీ" అన్నాడు. రేడియో సంగతి చెప్పాడు.

"రాణీయా?" దావూజీ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. విగ్రహం వైపు నడిచి, ఆ ఎత్తిన కాలు దగ్గర ఆగారు. "మా పెద్దాడి బారాత్‌కి తెచ్చిన రాణీయా? గుమ్మం దగ్గర కాలెత్తి దించనంటే, పంతులు ముహూర్తం పోతోందని మొత్తుకున్నాడు..."

"అదే దావూజీ."

"మా తమ్ముడు కూడా దీని మీదే!" అన్నారెవరో మరాఠా జట్టులోంచి. "నన్ను సగం దారిలో పడేసింది ఇదే!" అన్నాడు ఇంగ్లీషు జట్టులో ఒక లావుపాటాయన. ఆయన భార్య వెనకనుంచి, "అప్పుడే ఆలోచించుకోవాల్సింది!" అంది. ఇక ఆగలేదు. ఆ షామియానా కింద నలభై దాటిన మగాళ్ళలో సగంమంది ఆ గుర్రమెక్కి పెళ్ళిచేసుకున్నవాళ్ళే. ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవడానికి వచ్చినవాళ్ళు, తలపాగా ఎలా జారిందో, చేతులు ఎలా వణికాయో చెప్పుకుంటున్నారు. పరదేశియా అన్న యువకుణ్ణి వాళ్ళ నాన్న మోచేత్తో పొడిచి, "కూర్చోరా, మీ అమ్మని దీని మీద వచ్చే తెచ్చుకున్నాను" అన్నాడు.

దావూజీ తలెత్తి మావయ్య మొహం చూశారు. "గుమాస్తాలా ఉన్నాడన్నాను. నా పెళ్ళినాడు గుర్రం మీద నేనూ ఇలాగే ఉన్నానేమో" అన్నారు. అత్త వైపు తిరిగి, "బెహన్‌జీ, పోరాటానికి పోయిన ఆ పేరులేని సవార్లు మాత్రం భయపడలేదా? భయపడే వెళ్ళుంటారు" అన్నారు. తర్వాత అందరికీ వినిపించేలా ఛత్తీస్‌గఢీలో, "ఏ తో హమర్ ఆయ్" అన్నారు. ఇతను మనవాడే అని.

తగువంతా తీరిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. శత్రువు ఎవరన్నది తేలలేదు. వచ్చే నెల మళ్ళీ మీటింగట. అర్జీ పెట్టినాయన గుర్రాన్ని తిప్పాలనే అంటున్నాడు. కొత్త తల భన్‌పురిలో గడ్డిలోనే ఉంది, దానికి తగిన ఒళ్ళు పోయించి ఇంకో చౌక్‌లో పెడదామని దావూజీ ఆలోచన. తలా కాలూ మాత్రం ముట్టుకోకూడదని అందరూ చేతులెత్తారు. బావ అందరికంటే ఆఖరున ఎత్తాడు, కానీ దించింది కూడా ఆఖరునే.

చెప్పాల్సిన కృతజ్ఞతలు

బొబ్బిలి తిరిగొచ్చాక గ్రంథాలయంలో ఇంకో పుస్తకం తీసి చూశాను. గుర్రం కాళ్ళకీ వీరుడి చావుకీ నియమమేమీ లేదని, అది జనంలో పుట్టిన మాటని స్పష్టంగా ఉంది. అల్మరాలో పై అరలో ఉండేది. నాకు అందక ఇన్నాళ్ళూ తియ్యలేదు. కాంటాబంజి వ్యాపారీ, కుర్ర మాస్టారూ ఇది చదివితే నన్ను క్షమించాలి.

నా చదువుని నమ్మినందుకు, నమ్మి కూడా మాట తనే మాట్లాడినందుకు నరసమ్మత్తకి. వద్దంటూనే నన్ను బండి మీద ఊరంతా తిప్పిన గణేష్ బావకి. ఫరాకీ, బోరే బాసీకీ, ఆ ముక్కు మాటకీ సుఖ్‌బతి అక్కకి. కళ్ళెం వదలకుండా కథ చెప్పిన బిసాహు కాకాకి. తప్పు చెప్పానని ఒప్పుకున్నాక కూడా గోడ నిండా ఉన్న తన పుస్తకాల్లోంచి ఒకటి నా చేతిలో పెట్టిన దావూజీకి. ఓపిగ్గా కూర్చున్న అప్పన్న మావయ్యకి.

చివరగా వెల్డర్ సలీం భాయికి. మీటింగయ్యాక అత్త ఆయనకి కంచంలో అన్నం పెడితే, విగ్రహం నీడలో కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని, వెలిగించని కట్టరు బండి మీద వేసుకుని తోసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు పని చెయ్యనందుకు ఆయనకి ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు.